టైటిల్ రేసులో ఓడిన మ్యాచ్‌లో మంచిని వెతకడం ఎలా

2024 ఏప్రిల్ 14, ఆదివారం. మల్కాజిగిరిలోని మా ఇంట్లో అందరూ పడుకున్నారు. టీవీ సౌండ్ బాగా తగ్గించి నేనూ, పదేళ్ళ మా అబ్బాయీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఆర్సెనల్, ఆస్టన్ విల్లా మ్యాచ్ చూస్తున్నాం. మా జట్టు ఆర్సెనల్, టైటిల్ రేసులో ఉంది. మన టైములో రాత్రి 9 గంటలకు మొదలైంది. ఎనభై నిమిషాలు దాటినా గోల్ లేదు. 84వ నిమిషంలో విల్లా తరఫున లియోన్ బెయిలీ కొట్టాడు. గుండె గుభేల్‌మంది. తేరుకునేలోపే 87లో ఆలీ వాట్కిన్స్ రెండోది కొట్టేశాడు. సొంత మైదానంలో 0-2. మావాడు జెర్సీ అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతూ టీవీ వైపే చూస్తున్నాడు. కాసేపయ్యాక మెల్లగా, "నాన్నా, ఇంక మనం గెలవమా?" అన్నాడు.

ఆ రాత్రి వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాటి నుంచి ఇద్దరం కలిసి చేసిన పనులే ఇక్కడ వరసగా చెబుతున్నాను. మీ జట్టు లివర్‌పూల్ కావచ్చు, బార్సిలోనా కావచ్చు, ఈస్ట్ బెంగాల్ కావచ్చు. పద్ధతి మాత్రం ఏ జట్టుకైనా పనికొస్తుంది.

ముందుగా, ఆ రాత్రి

ఆ రాత్రి మంచిని వెతకొద్దు. ఫైనల్ విజిల్ పడిన పది నిమిషాలకే "అయినా మనవాళ్ళు బాగానే ఆడారు" అని మొదలుపెడితే ఆ మాట మీకే నమ్మబుద్ధి కాదు. కడుపు మండుతున్నప్పుడు మండుతోందనే ఒప్పుకోండి.

హైదరాబాద్‌లో ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూసేవాళ్ళకు ఇంకో కష్టం ఉంది. చలికాలంలో అక్కడి మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు రాత్రి 8:30కి వస్తుంది. అక్కడి రాత్రి 8 గంటలదైతే మనకు 1:30. అంటే ఓటమి సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే వేళకు వచ్చి పడుతుంది. నిద్ర లేని మనిషికి చిన్న ఓటమి కూడా సీజన్ మొత్తం మునిగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని ముందు ఏదైనా తినండి. మా ఇంట్లో అయితే పెరుగన్నం. గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో పెద్ద స్క్రీన్ మీద చూసి వస్తుంటే, మనసు బాగోలేనప్పుడు బండి మీరు నడపొద్దు, పక్కవాడికి ఇవ్వండి.

ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి రాత్రే అవతలి జట్టు అభిమాని అయిన స్నేహితుడితో ఒంటిగంట దాకా మెసేజ్‌లలో గొడవపడ్డాను. అనకూడని మాట ఒకటి అనేశాను. రెండు నెలలు మాటల్లేవు. మ్యాచ్ ఎంతకు ఓడామో ఇప్పుడు గుర్తు లేదు, ఆ మాట మాత్రం గుర్తుంది.

మన ఊళ్ళో ఎవరో ఒకరు తప్పకుండా "లైట్ తీసుకో అన్నా" అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ నాకు ఆ మాట నచ్చదు. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి వారం మనసు పెట్టి చూసినదాన్ని ఒక్క రాత్రిలో లైట్ తీసుకోవడం కుదరదు, తీసుకోనక్కర్లేదు కూడా. "రేపు మాట్లాడదాం" అని పడుకోండి.

మర్నాడు పొద్దున: కాగితం, పెన్ను

సోమవారం టిఫిన్ దగ్గర మావాడి రఫ్ నోట్‌బుక్ నుంచి ఒక కాగితం చింపాం. మీరూ అదే చేయండి. ఫోన్‌లో పట్టిక చూస్తే చాలదు, చేత్తో రాయాలి. రేసులో ఉన్న జట్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. ఒక్కోదానికి ఇప్పటి పాయింట్లు, మిగిలిన మ్యాచ్‌లు, ఆ మ్యాచ్‌లన్నీ గెలిస్తే వచ్చే మొత్తం రాయండి. గెలుపుకు 3, డ్రాకు 1, అంతే లెక్క.

ఆ పొద్దున మా కాగితం మీద ఉన్నది ఇదీ. మాంచెస్టర్ సిటీ 73, ఆర్సెనల్ 71, లివర్‌పూల్ 71. ముగ్గురికీ ఆరేసి మ్యాచ్‌లు మిగిలాయి. సిటీ అన్నీ గెలిస్తే 91. మేం అన్నీ గెలిస్తే 89. లివర్‌పూల్ కూడా అదే ఆదివారం సొంత మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-1తో ఓడింది. ఆ సంగతి రాత్రి మాకు బుర్రకెక్కలేదు, కాగితం మీద రాశాకే కనిపించింది.

ఈ లెక్క రెండు విషయాలు తేలుస్తుంది. ఒకటి, రేసు నిజంగా అయిపోయిందా లేదా. "అయిపోయింది మన పని" అని రాత్రి అనుకున్నది చాలాసార్లు తప్పని తేలుతుంది. రెండోది, అది ఎవరి చేతుల్లో ఉంది. మీరు అన్నీ గెలిస్తే చాలా, లేక అవతలివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట జారాలా? మా విషయంలో సిటీ జారాల్సిందే. అది తెలిశాక బాధ తగ్గలేదు కానీ టెన్షన్ తగ్గింది. మనం చూసుకోవాల్సినవి ఆ ఆరు మ్యాచ్‌లే అని మావాడికి అర్థమైంది.

పాయింట్లు సమానమైతే ఏం చేస్తారో కూడా పక్కన రాసుకోండి, ఒక్కో లీగ్‌లో ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ముందు గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి అవతలివాళ్ళకు ఇచ్చినవి తీసేస్తే మిగిలేది చూస్తారు. స్పెయిన్ లా లిగాలో ఆ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌లు చూస్తారు. 2006-07లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరో 76 పాయింట్లతో ముగిస్తే ఆ లెక్కతోనే మాడ్రిడ్‌కు టైటిల్ దక్కింది. ఇది తెలిస్తే ఓడిన మ్యాచ్‌లో కూడా ఒక మంచి కనిపించవచ్చు. 0-4 కావలసింది 0-2 దగ్గర ఆపిన గోల్‌కీపర్ సేవ్ మే నెలలో అక్కరకు రావచ్చు.

మ్యాచ్ మళ్ళీ చూడండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అసలు మంచి దొరికేది కూడా ఇక్కడే. హైలైట్స్ చూస్తే సరిపోదు. వాటిలో ఉండేది గోల్సే, ఓడిన మ్యాచ్ గోల్స్ మళ్ళీ చూడటం పుండు మీద కారం చల్లుకోవడమే. కనీసం మొదటి 45 నిమిషాలైనా పూర్తిగా చూడండి. ఫలితం ముందే తెలుసు కాబట్టి ఈసారి గుండె దడ ఉండదు. బంతి వెంట కాకుండా మనుషుల వెంట కళ్ళు పెట్టగలుగుతారు.

కాగితం వెనకవైపు మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో దురదృష్టం, అంటే పోస్టుకు తగిలినవి, అవతలి గోల్‌కీపర్ గొప్పగా ఆపినవి. రెండో గడిలో మన లోపం. మూడో గడిలో మనం నిజంగా బాగా చేసినవి. ఏది రాసినా పక్కన నిమిషం వేయాలి. మేం పెట్టుకున్న ఒకే ఒక్క నియమం అది. "మనవాళ్ళు పోరాడారు" అని రాస్తే కుదరదు. ఎన్నో నిమిషంలో, ఎవరు, ఏం చేశారు? నిమిషం చెప్పలేని మంచిని లెక్కలోకి తీసుకోకండి. అలాంటిది తర్వాతి మ్యాచ్‌కి నిలబడదు.

మావాడు మొదటి గడిలో రాసిన మొదటి పేరు మా ఆర్సెనల్ ఫార్వర్డ్ ట్రోసార్. మొదటి సగంలో గోల్‌కి దగ్గర నుంచి కొట్టిన బంతిని విల్లా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఆపేశాడు. మార్టినెజ్ ఒకప్పుడు ఆర్సెనల్ ఆటగాడే. విల్లా కోచ్ ఉనాయ్ ఎమెరీ ఒకప్పుడు ఆర్సెనల్ కోచ్. ఆ రాత్రి అదంతా మాకు ఎవరో పగబట్టి చేసినట్టు అనిపించింది. మళ్ళీ చూస్తే వేరేగా అనిపించింది. ట్రోసార్ అక్కడికి చేరడమే ఒక మంచి పాస్, ఒక మంచి పరుగు వల్ల. అందుకని మొదటి గడిలో ఉన్నదాన్ని బాణం గీసి మూడో గడికి కూడా కలిపాం. అవకాశం పోవడం దురదృష్టం కావచ్చు, అవకాశం తయారు చేసుకోవడం మాత్రం పనితనమే.

రెండో గడిలోనూ నిజాయితీగా రాయాలి. రెండో సగంలో విల్లా మాకంటే బాగా ఆడింది. వాళ్ళ బంతి పోస్టుకు కూడా తగిలింది. ఆ వారమే మంగళవారం మనవాళ్ళు ఛాంపియన్స్ లీగ్‌లో జర్మనీ జట్టు బేయర్న్‌తో 2-2 మ్యాచ్ ఆడి వచ్చారు, కాళ్ళలో అలసట కనిపిస్తూనే ఉంది. ఇది రాయకుండా దాటవేస్తే మూడో గడిలో మీరు రాసిన మంచి మీద మీకే నమ్మకం కలగదు. లోపం ఒప్పుకున్న చేత్తో రాస్తేనే మంచికి బరువు.

ఇప్పుడు ప్రతి మ్యాచ్ తర్వాత ఎక్స్‌జీ అనే అంకె కనిపిస్తుంది. ఒక షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో కొట్టారో చూసి, అలాంటి షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని 0 నుంచి 1 మధ్య లెక్క కడతారు. పెనాల్టీ కిక్‌కి దాదాపు 0.76 నుంచి 0.79 దాకా వేస్తారు. అన్ని షాట్లవీ కలిపితే జట్టు ఎక్స్‌జీ వస్తుంది. ఇది పనికొచ్చేదే, కానీ ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీ పట్టుకుని "అసలు గెలవాల్సింది మనమే" అని వాదించకండి. గత ఐదారు మ్యాచ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. అవకాశాలు వారం వారం వస్తూనే ఉంటే, గోల్ పడకపోవడం ఆ రోజు ముచ్చటే. అవకాశాలే తగ్గుతూ వస్తుంటే అది రెండో గడి సంగతి.

మూడో గడి ఖాళీగా మిగిలిపోయే మ్యాచ్‌లు కూడా ఉంటాయి. అలాంటప్పుడు బలవంతంగా నింపొద్దు. ఖాళీగానే ఉంచి తర్వాతి పనికి వెళ్ళండి.

పాత ఓటములు తవ్వండి

ఏ ఓటమి పడితే అది కాదు, మీదానికి దగ్గరగా ఉన్నవి. 2016 ఫిబ్రవరి 14న లెస్టర్ సిటీ పట్టికలో పైన ఉండి ఆర్సెనల్ మైదానానికి వచ్చింది. పెనాల్టీతో ముందంజ వేసి, ఒక ఆటగాడు రెడ్ కార్డుతో బయటికి వెళ్ళాక, 95వ నిమిషంలో ఆర్సెనల్ ఆటగాడు వెల్బెక్ హెడర్‌తో 1-2తో ఓడింది. ఆ రోజు మేం చిందులేశాం, లెస్టర్ పని అయిపోయిందనుకున్నాం. లెస్టర్ మిగిలిన 12 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. 81 పాయింట్లతో ఛాంపియన్ అయింది, మేం పది పాయింట్లు వెనక. 2012లోనూ అంతే. ఏప్రిల్ 8న మాంచెస్టర్ సిటీ ఆర్సెనల్ చేతిలో 0-1తో ఓడి, ఆరు మ్యాచ్‌లు మిగిలి ఉండగా మాంచెస్టర్ యునైటెడ్ కంటే 8 పాయింట్లు వెనకబడింది. ఆ ఆరూ గెలిచి, మే 13న ఆఖరి నిమిషాల్లో అగ్వేరో గోల్‌తో, కేవలం గోల్ తేడాతో టైటిల్ పట్టుకుపోయింది.

అయితే నేను మావాడికి చెప్పింది ఇవి కాదు. ఆ వారం అమ్ముగూడలో ఉండే మా పెదనాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకు ఎనభై దాటాయి. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ జట్టు ఆట చూసినవాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన జట్టు అది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆయనే భారత జట్టుకూ కోచ్.

పెదనాన్న 1962 జకార్తా ఆసియా క్రీడల ముచ్చట ఎత్తుకున్నాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. "చూడరా, మీది కూడా 0-2 కదా" అన్నాడు. మావాడు తల ఊపాడు. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి అంతకుముందే తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. లక్ష మంది మనకు ఎదురుగా అరుస్తున్న స్టేడియంలో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడు. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం ఇదే అమ్ముగూడ పిల్లవాడు. ఆ పేరు చెప్పేటప్పుడు పెదనాన్న కిటికీలోంచి వీధి వైపు చెయ్యి చూపించాడు. మావాడు లేచి వెళ్ళి ఆ వీధి చూసి వచ్చాడు.

రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది గెలుపు కాదు. మొదటి ఓటమికీ ఫైనల్‌కీ మధ్య ఆయన జట్టును మార్చాడు. ఎవరు ఎక్కడ ఆడాలో మళ్ళీ ఆలోచించాడు. ఓడిన మ్యాచ్‌ని పారేయకుండా వాడుకున్నాడు. మీ జట్టు విషయంలోనూ అదే గమనించండి. ఓడిన తర్వాతి మ్యాచ్‌లో కోచ్ ఏం మార్చాడు, ఎవరిని దింపాడు, ఎవరిని కూర్చోబెట్టాడు?

గెలుపుతో ముగియని కథలు కూడా పక్కన పెట్టుకోండి. 2018-19లో లివర్‌పూల్ సీజన్ మొత్తంలో ఓడింది ఒక్క మ్యాచ్, 2019 జనవరి 3న సిటీ చేతిలో 1-2. ఆ మ్యాచ్‌లో ఒక బంతి సిటీ గోల్ గీత పూర్తిగా దాటడానికి 11.7 మిల్లీమీటర్లు తక్కువైంది. సీజన్ చివర్లో లివర్‌పూల్ 97, సిటీ 98. అంత బాగా ఆడినా ఆ ఏడు టైటిల్ రాలేదు. మరుసటి ఏడు 99 పాయింట్లతో వచ్చింది. ఈ రెండు రకాలూ తెలిసినవాడికే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో తెలుస్తుంది.

మనుషులతో మాట్లాడండి

ముందు మీ జట్టు అభిమానితో. మూడు గళ్ళ కాగితం చూపించండి, అతని మూడో గడిలో ఏముందో అడగండి. ఇద్దరు వేరువేరుగా రాసుకున్నా ఒకే నిమిషం కనిపిస్తే అది గట్టి మంచి అన్నట్టు. వారం మధ్యలో టర్ఫ్ మీద ఆడే అలవాటుంటే ఆ వారం అసలు మానొద్దు. ఒక గంట చెమట పడితే మనసు తేలికపడుతుంది.

అవతలి జట్టు అభిమాని ఆఫీసులో ఎదురుపడితే ముందు మీరే "మీవాళ్ళు బాగా ఆడారు" అనండి. నిజంగా బాగా ఆడి ఉంటేనే అనండి. ఆ ఒక్క మాటతో ఎత్తిపొడుపులు చాలావరకు ఆగిపోతాయి, మాట ఆట మీదికి మళ్ళుతుంది.

ఇంట్లో పిల్లలుంటే "ఆటే కదా, ఏడుస్తావేంటి" అనొద్దు. జెర్సీ విప్పమని కూడా అనొద్దు. మావాడు ఆ సోమవారం సాయంత్రం అదే జెర్సీతో కిందికి ఆడుకోవడానికి వెళ్ళాడు. నాకు చాలా ముచ్చటేసింది.

మన ఊరి జట్టు సంగతి ఇక్కడ చెప్పాలి. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి సీజన్‌లో ముంబయి సిటీకి 46, మనకు 42, లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో మళ్ళీ షూటౌట్, ఈసారి ఓటమి. ఆ తర్వాత డబ్బు కష్టాలు, 2023-24లో పట్టికలో అట్టడుగు. చివరికి 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఇందులో మంచి ఏముందని నన్ను అడిగితే, క్లబ్‌కి ఏం మిగిలిందో నేను చెప్పలేను. నాకు మిగిలింది చెబుతాను. గచ్చిబౌలి స్టేడియంలో మా వెనక వరసలో కూర్చునే నలుగురితో ఇప్పటికీ ఆదివారాలు ఆడుతున్నాం. మీ మూడో గడిలో మైదానం బయట దొరికిన మనుషులను కూడా రాసుకోండి. వాళ్ళకు నిమిషం వేయనక్కర్లేదు.

తర్వాతి మ్యాచ్ టైము పెట్టుకోండి

ఓటమి తర్వాత చాలామంది "ఇంక ఈ సీజన్ చూడను" అంటారు. అది మాత్రం చేయొద్దు. కాగితం మీద మిగిలిన మ్యాచ్‌లన్నీ తేదీలతో, మన టైముతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మార్చి ఆఖరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పటి నుంచి మనకు మ్యాచ్‌లు గంట ముందే వస్తాయి, అలారం సరిచూసుకోండి.

విల్లా మ్యాచ్ అయిన మూడు రోజులకే బేయర్న్ చేతిలో 0-1తో ఛాంపియన్స్ లీగ్ కూడా పోయింది. ఆ రాత్రి మళ్ళీ మొదటి పని నుంచి మొదలుపెట్టాం, పెరుగన్నం తిని పడుకున్నాం. ఏప్రిల్ 20న వుల్వ్స్ మీద 2-0. మొదటి గోల్ ట్రోసార్‌దే. మావాడు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి టిక్ పెట్టాడు. చివరికి ఆరూ గెలిచాం, 89. సిటీ కూడా ఆరూ గెలిచింది, 91. గోల్ తేడా ఇద్దరికీ 62. సోమవారం పొద్దున టిఫిన్ దగ్గర వేసిన లెక్క అంకె తేడా లేకుండా నిజమైంది. టైటిల్ రాలేదు, మే 19 రాత్రి మావాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ కాగితం ఇప్పుడు వాడి పుస్తకాల అలమరలో ఉంది. ఆరు మ్యాచ్‌లలో ఒక్కదాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాడు, చెల్సియా. విల్లా చేతిలో ఓడిన తొమ్మిది రోజులకు, మన టైములో అర్ధరాత్రి 12:30కి మొదలైంది. ఆ రాత్రి తెల్లారితే ఎండాకాలం సెలవులు కాబట్టి వాణ్ణి మేలుకోనిచ్చాను. నాలుగో నిమిషంలోనే ట్రోసార్ కొట్టాడు. వాడు అరవకూడదని రెండు చేతులతో నోరు మూసుకుని సోఫా మీద ఎగిరాడు. ఆట ముగిసేసరికి 5-0. రెండున్నరకి పడుకోబెట్టబోతే, కాగితం తెచ్చి ఇప్పుడే టిక్ పెడతానన్నాడు.